పోస్ట్‌గ్రెస్ సర్వర్‌ని రోజూ ఎలా చూసుకోవాలి: డీబీఏ లేని టీమ్‌ల కోసం

చిన్న కంపెనీల్లో డీబీఏ (డేటాబేస్ చూసుకునే మనిషి) అని విడిగా ఎవరూ ఉండరు. బ్యాకెండ్ రాసేవాళ్లలో ఎవరో ఒకరి మీద సర్వర్ పడుతుంది, ఇన్‌స్టాల్ చేసిన మనిషి ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్లిపోయి ఉంటాడు, పాస్‌వర్డ్ ఏదో పాత వాట్సాప్ మెసేజ్‌లో దొరుకుతుంది, ఇంక మిగతాదంతా మీరే చూస్కోవాలి. అలా పోస్ట్‌గ్రెస్ (పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్) సర్వర్ చేతికొచ్చిన వాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఉబుంటు మీద నడిచే మామూలు సర్వర్ అనుకుందాం, వెర్షన్ 14 నుంచి 17 దాకా ఏదైనా సరే. క్లౌడ్ వాళ్ల మేనేజ్డ్ సర్వీస్ వాడుతుంటే డిస్కు, బ్యాకప్ సంగతులు కొంచెం మారతాయి గానీ మిగతాదంతా పనికొస్తుంది.

సర్వర్ స్లో అయ్యిందనగానే చాలామంది ర్యామ్ పెంచడం, షేర్డ్_బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ క్యాష్ మెమరీ సైజు) మార్చడం మొదలుపెడతారు. నేను చూసినంతలో రోజువారీ తలనొప్పులు చాలావరకు అక్కడ ఉండవు. ఎవరో దేన్నో పట్టుకుని వదలకుండా ఉండటం దగ్గర ఉంటాయి. ఒకరు ట్రాన్సాక్షన్ (బిగిన్‌తో మొదలై కమిట్‌తోనో రోల్‌బ్యాక్‌తోనో ముగిసే పని) తెరిచి వదిలేస్తారు, ఇంకొకరు రెప్లికేషన్ స్లాట్ (వేరే సర్వర్ చదువుకునేదాకా మార్పుల్ని దాచిపెట్టే ఏర్పాటు) పెట్టి మర్చిపోతారు, ఏదో యాప్ కనెక్షన్ తీసుకుని తిరిగివ్వదు. అందుకే పొద్దున్నే సర్వర్ చూసేటప్పుడు ఏది స్లోగా ఉంది అని కాకుండా ఎవరు ఏం పట్టుకుని ఉన్నారు అని వెతకండి, సగం పని అక్కడే తేలిపోతుంది.

కమాండ్లు, సెట్టింగ్ పేర్లు అన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో అండర్‌స్కోర్‌తో సహా కొట్టండి.

ముందు లాగిన్ సంగతి

పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్‌తో రోజూ లోపలికి వెళ్లకండి. మీ పేరు మీద ఒక రోల్ (డేటాబేస్ యూజర్) చేసుకుని దానికి పీజీ_మానిటర్ ఇవ్వండి, అందరి క్వెరీలూ కనిపిస్తాయి. వేరేవాళ్ల సెషన్ ఆపాల్సి వస్తుంది కాబట్టి పీజీ_సిగ్నల్_బ్యాకెండ్ కూడా ఇచ్చుకోండి. రోజువారీ చూపుకి ఈ రెండూ చాలు. సూపర్‌యూజర్‌తో ఉన్నప్పుడు ఒక్క తప్పు డిలీట్ కొడితే అడ్డుకునేది ఏదీ ఉండదు, ఆ భయం లేకుండా చూసుకోగలగడమే పెద్ద లాభం. యాప్‌కి కూడా సొంత రోల్ ఉండాలి, రిపోర్టులు తీసేవాళ్లకి ఇంకోటి, అప్పుడే ఎవరి కనెక్షన్ ఏదో పేరు చూడగానే తెలుస్తుంది. అందరూ ఒకే యూజర్‌తో కనెక్ట్ అయ్యే సర్వర్‌లో సమస్య వెతకడం నరకం.

డిస్కు

డిఎఫ్ మైనస్ హెచ్ కొట్టి డేటా డైరెక్టరీ ఉన్న పార్టిషన్ చూడండి. 80 శాతం దాటితే ఆ రోజే పట్టించుకోవాలి, రేపటికి వాయిదా వద్దు. డిస్కు పూర్తిగా నిండి వాల్ (ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే రికార్డు) రాయడానికి చోటు లేకపోతే పోస్ట్‌గ్రెస్ ప్యానిక్ అయ్యి ఆగిపోతుంది.

ఉన్నట్టుండి డిస్కు నిండుతోందంటే మొదటి అనుమానం పీజీ_వాల్ ఫోల్డర్ మీదే. అందులో ఒక్కో ఫైలు 16 ఎంబీ, మామూలుగా అయితే పాతవి వాటంతట అవే రీసైకిల్ అవుతాయి, మ్యాక్స్_వాల్_సైజ్ డిఫాల్ట్ 1 జీబీనే. ఆ ఫోల్డర్ 50, 100 జీబీకి పోయిందంటే ఎవరో ఆ ఫైళ్లను పట్టుకుని ఉన్నట్టే. రెండు చోట్ల చూడండి. ఒకటి పీజీ_స్టాట్_ఆర్కైవర్, అందులో ఫెయిల్డ్_కౌంట్ పెరుగుతుంటే ఆర్కైవ్_కమాండ్ ఫెయిల్ అవుతోంది, ఫైలు బయటికి కాపీ అయ్యేదాకా సర్వర్ దాన్ని తీసేయదు. రెండోది పీజీ_రెప్లికేషన్_స్లాట్స్, అందులో యాక్టివ్ అనే కాలమ్ ఫాల్స్ అని ఉన్న స్లాట్ ఏదైనా కనిపిస్తే అదే దొంగ. ఎవరో డెబీజియం (మార్పుల్ని వేరే సిస్టమ్‌కి పంపే టూల్) పెట్టి టెస్ట్ చేసి వదిలేసిందో, తీసేసిన స్టాండ్‌బై (మెయిన్ సర్వర్‌కి కాపీగా ఉండే) సర్వర్‌దో అయ్యుంటుంది. చదవాల్సినవాళ్లు మళ్లీ వస్తారేమో అని ఆ స్లాట్ వాల్ ఫైళ్లన్నీ దాచిపెడుతూనే ఉంటుంది, ఎన్నాళ్లైనా. ఎవరిదో కనుక్కుని, నిజంగా అక్కర్లేదంటే పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్‌తో తీసేయండి. బతికున్న స్టాండ్‌బైది పొరపాటున తీస్తే మాత్రం దాన్ని మొదట్నుంచి కట్టుకోవాల్సి రావచ్చు, కాబట్టి అడిగాకే. వెర్షన్ 13 నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అని ఒక సెట్టింగ్ ఉంది, డిఫాల్ట్ మైనస్ 1 అంటే హద్దే లేదు, మీ డిస్కుని బట్టి 20 జీబీయో 50 జీబీయో పెట్టుకోండి, ఇది ఇవాళే చేసేయండి.

పీజీ_వాల్ లోపలి ఫైళ్లను మాత్రం చేత్తో ఎప్పుడూ డిలీట్ చేయకండి. పాత వెర్షన్లలో ఈ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్ అని ఉండేది, పేరులో లాగ్ ఉందని మామూలు లాగ్ ఫైళ్లు అనుకుని జనం తీసేసి డేటాబేసులు పాడుచేసుకునేవాళ్లు, అందుకే 2017లో వచ్చిన వెర్షన్ 10లో పేరే మార్చారు. ఇంకో చిన్న జాగ్రత్త, అదే పార్టిషన్‌లో 2 జీబీ ఖాళీ ఫైలు ఒకటి ఎఫ్ఎలొకేట్‌తో చేసి పెట్టుకోండి. డిస్కు నిండి సర్వర్ పడిపోయిన రోజు ఆ ఫైలు తీసేస్తే సర్వర్ లేవడానికి చోటు దొరుకుతుంది, తర్వాత నిదానంగా కారణం వెతుక్కోవచ్చు.

తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్లు

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ దీనిమీదే పెట్టండి. పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే వ్యూ నుంచి పిడ్ (ప్రాసెస్ నంబర్), యూజ్‌నేమ్, స్టేట్, క్వెరీ, ఇంకా నౌ() లోంచి ఎక్సాక్ట్_స్టార్ట్ (స్పెల్లింగ్ xact_start) తీసేస్తే వచ్చే టైమ్, ఇవి సెలెక్ట్ చేసి ఎక్సాక్ట్_స్టార్ట్ ప్రకారం ఆర్డర్ చేయండి, నల్ ఉన్నవి వదిలేయండి. పైన అన్నిటికన్నా పాత ట్రాన్సాక్షన్ వస్తుంది. ఈ క్వెరీని ఒక ఫైల్‌లో దాచుకోండి, రోజూ కావాలి.

స్టేట్ కాలమ్‌లో యాక్టివ్ అంటే ఇప్పుడు పని చేస్తోంది, ఐడిల్ అంటే ఊరికే ఉంది, ఈ రెండిటితో సాధారణంగా భయం లేదు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని ఉంటే మాత్రం ఆగి చూడండి. బిగిన్ కొట్టారు, ఏదో చేశారు, కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ కొట్టలేదు, కనెక్షన్ అలాగే ఉంది అని దానర్థం. సాధారణంగా యాప్ కోడ్‌లో ట్రాన్సాక్షన్ మధ్యలో పేమెంట్ గేట్‌వేకో ఎస్ఎమ్ఎస్ సర్వీస్‌కో కాల్ పెడతారు, అది జవాబివ్వకపోతే ఇక్కడ ట్రాన్సాక్షన్ వేలాడుతూ ఉంటుంది, లేదా ఎవరో డీబీవర్ (డేటాబేస్ చూసే యాప్) లో ఆటో కమిట్ ఆఫ్ చేసుకుని ఒక అప్‌డేట్ కొట్టి లంచ్‌కి వెళ్లుంటారు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి, క్వెరీ కాలమ్‌లో కనిపించేది ఆ సెషన్ ఆఖరుగా నడిపిన క్వెరీ, ఇప్పుడు నడుస్తున్నది కాదు. అది చూసి ఈ సెలెక్ట్ రెండు గంటల నుంచి నడుస్తోంది అని కంగారుపడి దాన్ని ఆప్టిమైజ్ చేయడానికి కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది ఎప్పుడో అయిపోయింది, లాక్ మాత్రం మిగిలింది.

దీనివల్ల రెండు నష్టాలు. మొదటిది లాకులు. ఉత్త సెలెక్ట్ కూడా టేబుల్ మీద ఒక చిన్న లాక్ తీసుకుంటుంది, ట్రాన్సాక్షన్ అయ్యేదాకా వదలదు. మామూలు పనులకి ఆ లాక్ అడ్డు రాదు. కానీ మీరు అదే టేబుల్ మీద ఆల్టర్ టేబుల్ కొట్టారనుకోండి, ఆల్టర్‌కి పూర్తి లాక్ కావాలి కాబట్టి ఆగుతుంది, ఆగిన ఆల్టర్ వెనక ఆ తర్వాత వచ్చిన ప్రతి సెలెక్టూ ఆగుతుంది, నిమిషంలో కనెక్షన్లన్నీ నిండిపోయి సైట్ డౌన్. రైల్వే గేటు పడినట్టే, పట్టాల మీద ఉన్నది ఒక్క రైలే, ఆగేది మాత్రం రోడ్డంతా. అందుకే ప్రొడక్షన్‌లో ఆల్టర్ కొట్టేముందు అదే సెషన్‌లో లాక్_టైమౌట్ 3 సెకన్లకి సెట్ చేయండి. లాక్ దొరక్కపోతే ఆల్టరే ఫెయిల్ అవుతుంది, కాసేపాగి మళ్లీ కొట్టొచ్చు, యూజర్లకి తెలియను కూడా తెలియదు. ఎవరు ఎవర్ని ఆపుతున్నారో తెలియాలంటే ఆగిపోయిన సెషన్ పిడ్‌ని పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌కి ఇవ్వండి, అడ్డుగా ఉన్నవాళ్ల పిడ్‌లు ఇస్తుంది.

రెండో నష్టం పైకి కనిపించదు, నిదానంగా తినేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ కొడితే పాత రో (టేబుల్‌లో వరుస) మీద రాయదు, కొత్త కాపీ పెట్టి పాతది అలాగే ఉంచుతుంది, ఆ పాతవాటిని వాక్యూమ్ వచ్చి శుభ్రం చేస్తుంది. అయితే ఎక్కడో ఒక పాత ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచి ఉంటే ఆ పాత కాపీలు దానికి కావాలేమో అని వాక్యూమ్ వాటిని ముట్టుకోదు, ఆ ట్రాన్సాక్షన్ తాకిన టేబుల్ ఒక్కటే కాదు, మొత్తం డేటాబేస్‌లో ఉన్న టేబుల్స్ అన్నిట్లోనూ. ఏ సెషన్ ఇలా ఆపుతోందో తెలియాలంటే పీజీ_స్టాట్_యాక్టివిటీలోనే బ్యాకెండ్_ఎక్స్ఐడీ, బ్యాకెండ్_ఎక్స్‌మిన్ కాలమ్స్ చూడండి, వాటిమీద ఏజ్ ఫంక్షన్ వేస్తే ఎవరిది అన్నిటికన్నా పాతదో తెలుస్తుంది. పెద్ద డేటాబేస్ మీద గంటల తరబడి నడిచే పీజీ_డంప్ (డేటాని బ్యాకప్ ఫైలుగా తీసే టూల్) కూడా ఈ పనే చేస్తుంది, పైన చెప్పిన మర్చిపోయిన స్లాట్ కూడా చేయగలదు. ఇంకోటి పీజీ_ప్రిపేర్డ్_ఎక్సాక్ట్స్, టూ ఫేజ్ కమిట్ (ట్రాన్సాక్షన్‌ని రెండు దశల్లో ఖాయం చేసే పద్ధతి) వాడే యాప్స్ ఉంటే ఇందులో అనాథ ట్రాన్సాక్షన్లు మిగిలిపోతాయి, వీటికి కనెక్షన్ ఉండదు, సర్వర్ రీస్టార్ట్ చేసినా పోవు, రోల్‌బ్యాక్ ప్రిపేర్డ్ గానీ కమిట్ ప్రిపేర్డ్ గానీ పేరు ఇచ్చి కొడితేనే పోతాయి.

మరి దొరికాక ఎలా ఆపాలి. నడుస్తున్న క్వెరీ అయితే ముందు పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్, అది క్వెరీని మాత్రమే ఆపుతుంది. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌కి క్యాన్సిల్ పనిచేయదు, నడుస్తున్న క్వెరీయే లేదుగా, పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ వాడాలి, కనెక్షన్ తెగి ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుంది. లైనక్స్‌లోంచి కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే కమాండ్) మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కొట్టకండి, ఒక్క ప్రాసెస్ అలా చచ్చిపోయినా సర్వర్ షేర్డ్ మెమరీ పాడైందేమో అని అందరి కనెక్షన్లూ తెంచేసి క్రాష్ రికవరీకి వెళ్తుంది.

రోజూ ఇలా వెతికి ఆపడం కన్నా యాప్ రోల్ మీదే ఆల్టర్ రోల్‌తో ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ 5 నిమిషాలకి పెట్టేయండి. డిఫాల్ట్ సున్నా, అంటే ఆఫ్. మొదటి వారం యాప్ వాళ్లు కనెక్షన్ తెగిపోతోందని గోల చేస్తారు, అప్పుడు ఆ కోడ్ ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది, సరిచేయించండి, టైమౌట్ మాత్రం తీయకండి.

కనెక్షన్లు

మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ 100, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టి ఉంటాయి, అందరికీ నిండిపోయినా మీరు లోపలికి వెళ్లి చూడగలగాలని. ఆ 3 వాడుకోగలగాలంటే యాప్ సూపర్‌యూజర్‌తో కనెక్ట్ అవ్వకూడదు, చాలాచోట్ల యాప్ అలాగే కనెక్ట్ అవుతుంటుంది. టూ మెనీ క్లయింట్స్ ఎర్రర్ వచ్చిందని నంబర్ 1000 చేసేయకండి. ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్, పైగా వర్క్_మెమ్ (క్వెరీ పనికి ఇచ్చే మెమరీ) 4 ఎంబీ అనేది సర్వర్ మొత్తానికి కాదు, ఒక క్వెరీలో ఒక్కో సార్టింగ్‌కి, ఒక్కో హ్యాష్‌కి విడివిడిగా అంత తీసుకోవచ్చు, అన్నీ కలిస్తే ర్యామ్ అయిపోయి లైనక్సే సర్వర్‌ని చంపేస్తుంది. ముందు స్టేట్ ప్రకారం కౌంట్ తీయండి, 90 ఐడిల్‌గా ఉంటే పీజీబౌన్సర్ (కొద్ది కనెక్షన్లని అందరికీ పంచే ప్రోగ్రామ్) పెట్టి ట్రాన్సాక్షన్ మోడ్‌లో నడపండి. అందులో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్స్ (ముందే సిద్ధం చేసి పదేపదే వాడే క్వెరీలు) పనిచేయవని ఇదివరకు ఒక అడ్డంకి ఉండేది, పీజీబౌన్సర్ వెర్షన్ 1.21 నుంచి ప్రోటోకాల్ లెవెల్‌లో అది తీరింది.

వాక్యూమ్

ఆటోవాక్యూమ్ ఆఫ్ చేయమని ఎవరు చెప్పినా వినకండి. అది ఎక్కువ లోడ్ పెడుతోందంటే సాధారణంగా తక్కువసార్లు నడుస్తోందని అర్థం. లెక్క చూడండి, డిఫాల్ట్‌గా ఒక టేబుల్‌లో చచ్చిన వరుసలు (అక్కర్లేని పాత కాపీలు) మొత్తం వరుసల్లో 20 శాతం ప్లస్ 50 దాటాకే అది కదులుతుంది. కోటి వరుసలున్న ఆర్డర్స్ టేబుల్‌లో 20 లక్షలు పోగుపడేదాకా రాదు, వచ్చినప్పుడు పెద్ద పనే ఉంటుంది మరి. అలాంటి పెద్ద టేబుల్ ఒక్కదానికే ఆటోవాక్యూమ్_వాక్యూమ్_స్కేల్_ఫ్యాక్టర్ 0.02 పెట్టండి, చిన్నచిన్నగా తరచుగా చేసుకుంటుంది. పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో ఎన్_డెడ్_టప్, లాస్ట్_ఆటోవాక్యూమ్ వారానికోసారి చూడండి, వాక్యూమ్ నిన్ననే నడిచింది అయినా చచ్చిన వరుసలు తగ్గలేదు అంటే మళ్లీ పైకి వెళ్లి పాత ట్రాన్సాక్షన్ ఎవరిదో వెతకండి.

వాక్యూమ్ ఫుల్ వేరే సంగతి. టేబుల్ మొత్తం కొత్తగా రాస్తుంది, అప్పటిదాకా ఎవర్నీ చదవనివ్వదు కూడా, అంత ఖాళీ డిస్కు కూడా కావాలి. డిస్కు నిండిన రోజు అదే కొట్టేవాళ్లున్నారు, ఇంకా నిండుతుంది. పగలు తప్పదంటే పీజీ_రీప్యాక్ (టేబుల్‌ని ఎక్కువసేపు ఆపకుండా అదే పని చేసే టూల్) చూడండి.

నెలకోసారి పీజీ_డేటాబేస్‌లో డాట్‌ఫ్రోజెన్‌ఎక్స్ఐడీ ఏజ్ కూడా చూడండి. ట్రాన్సాక్షన్ నంబర్లు 32 బిట్లే, 200 కోట్లు దాటకముందే పాతవాటిని ఫ్రీజ్ చేయాలి (ఇవి పాతవే అని గుర్తు వేయాలి), 20 కోట్లకి రాగానే ఆటోవాక్యూమ్ తనే మొదలుపెడుతుంది, ఆఫ్ చేసి ఉన్నా సరే. ఏజ్ 20 కోట్ల చుట్టూ ఉంటే మంచిదే, 50, 60 కోట్లు దాటి పెరుగుతూనే ఉంటే ఏదో ఆపుతోంది. చివరికి చేరితే సర్వర్ కొత్త రాతలు తీసుకోవడం ఆపేస్తుంది. 2015లో సెంట్రీ (యాప్ ఎర్రర్లు పట్టిచ్చే సర్వీస్), 2019లో మాండ్రిల్ (మెయిళ్లు పంపే సర్వీస్) ఇలాగే ఆగిపోయి తర్వాత వివరంగా రాసుకున్నారు, పెద్ద ఇంజినీర్లున్న చోట్లే అవి.

స్లో క్వెరీలు

ఇవన్నీ చూశాకే దీనికి రండి. పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ (ఏ క్వెరీ ఎంత టైమ్ తీసుకుందో లెక్కపెట్టేది) పెట్టుకోండి, షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో రాసి ఒకసారి రీస్టార్ట్ చేయాలి. టోటల్_ఎక్సెక్_టైమ్ ప్రకారం ఆర్డర్ చేస్తే ఒక్కసారి 10 సెకన్లు తీసుకునేది కాదు, రోజుకి లక్షసార్లు నడిచే చిన్న క్వెరీయే పైకి రావచ్చు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నిజంగానే క్వెరీని నడుపుతుంది కాబట్టి అప్‌డేట్, డిలీట్ మీద వేసేటప్పుడు బిగిన్, రోల్‌బ్యాక్ మధ్యలో వేయండి, రోల్‌బ్యాక్ వెంటనే కొట్టండి. ఇండెక్స్ కట్టాలంటే కాన్‌కరెంట్లీ (టేబుల్‌లో రాతలు ఆపకుండా కట్టే పద్ధతి) వాడండి, అది మధ్యలో ఫెయిల్ అయితే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ కట్టుకోవాలి. లాగ్_లాక్_వెయిట్స్ ఆన్ చేసుకోండి, రాత్రి ఎవరు ఎవరికోసం ఆగారో పొద్దున లాగ్‌లో కనిపిస్తుంది.

బ్యాకప్

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచుకునే సర్వీస్‌లో ఒక ఇంజినీర్ వేరే సర్వర్ అనుకుని ప్రైమరీ సర్వర్ డేటా డైరెక్టరీ తీసేశారు. బ్యాకప్ కోసం చూస్తే పీజీ_డంప్ వెర్షన్ సర్వర్ కన్నా పాతది కావడంతో ఎప్పట్నుంచో ఫెయిల్ అవుతోంది, ఫెయిల్ అయ్యిందని చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరట్లేదు. అదృష్టం కొద్దీ ఒకరు టెస్టింగ్ కోసం సుమారు 6 గంటల ముందు తీసుకున్న స్నాప్‌షాట్ ఉండబట్టి కొంత పోయినా మిగతాది దక్కింది. దాచకుండా అంతా బయటపెట్టారు కాబట్టే మనకి తెలిసింది.

కాబట్టి స్క్రిప్ట్ నడిచిందా అని కాదు, రీస్టోర్ అయ్యిందా అని చూడాలి. పీజీ_డంప్‌ని కస్టమ్ ఫార్మాట్‌లో తీయండి, దానికి మైనస్ పెద్ద ఎఫ్, చిన్న సి. రోల్స్, పాస్‌వర్డ్‌లు అందులో రావు, వాటికి పీజీ_డంప్ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా తీయాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఫైళ్లు వేరే మెషీన్‌కి పోవాలి. వారానికోసారి ఒక చిన్న సర్వర్‌లో ముందు రోల్స్, తర్వాత పీజీ_రీస్టోర్‌తో డేటా ఎక్కించి, నాలుగు ముఖ్యమైన టేబుల్స్‌లో కౌంటు, ఆఖరి రికార్డు తేదీ చూడండి, ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి, సర్వర్ పోయిన రోజు బాస్ అడిగే మొదటి ప్రశ్న అదే. సర్వర్ టైమ్ యూటీసీలో ఉంటే క్రాన్‌లో రాత్రి 2 అని రాసింది మనకి పొద్దున 7:30కి నడుస్తుంది, లోడ్ మొదలయ్యే టైమ్‌కి సరిగ్గా, ఒకసారి చూస్కోండి.

డంప్ అనేది తీసిన నిమిషం దాకానే. మధ్యాహ్నం 3కి ఎవరో టేబుల్ డ్రాప్ చేస్తే 2:59కి వెనక్కి వెళ్లాలంటే బేస్ బ్యాకప్ (డేటా డైరెక్టరీ మొత్తం కాపీ), వాల్ ఆర్కైవింగ్ (వాల్ ఫైళ్లని బయట దాచడం) రెండూ కావాలి. సొంత స్క్రిప్టులు రాయకండి, పీజీబ్యాక్‌రెస్ట్ గానీ బార్మన్ గానీ వాడండి. డబ్బులకి సంబంధించిన డేటా ఉంటే ఇది తప్పనిసరి.

అప్‌డేట్లు

మైనర్ వెర్షన్లు మామూలుగా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో వస్తాయి. డేటా మార్చక్కర్లేదు, ప్యాకేజీ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే అయిపోతుంది, రిలీజ్ నోట్స్ చదివి నెలలోపు పెట్టేయండి. ఒక్కో మేజర్ వెర్షన్‌కి ఐదేళ్లే సపోర్ట్, 13కి 2025 నవంబర్‌తో అయిపోయింది, ఇంకా దానిమీద ఉంటే ప్లాన్ వేసుకోండి.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేటప్పుడు మాత్రం ఒకటి చూడండి. అక్షరాల వరుస క్రమం పోస్ట్‌గ్రెస్ సాధారణంగా లైనక్స్‌లోని గ్లిబ్‌సీ అనే లైబ్రరీ నుంచి తీసుకుంటుంది, గ్లిబ్‌సీ 2.28లో ఆ క్రమం చాలా మారింది. ఉబుంటు 18.04 నుంచి 20.04కి డేటా డైరెక్టరీ అలాగే తీసుకెళ్తే టెక్స్ట్ కాలమ్స్ మీద ఉన్న ఇండెక్సులు పాత క్రమంలోనే ఉండిపోతాయి. పేరు టేబుల్‌లో ఉంటుంది, వెతికితే దొరకదు, యూనిక్ కాలమ్‌లో ఒకే పేరు రెండుసార్లు ఎక్కుతుంది. అలా మారిస్తే యూజర్లని లోపలికి రానిచ్చేముందే టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి. వెర్షన్ 15 నుంచి కనెక్ట్ అవ్వగానే కొలేషన్ (అక్షరాల క్రమం) వెర్షన్ తేడా ఉందని వార్నింగ్ ఇస్తుంది. ఆ వార్నింగ్‌ని రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ కొట్టి పోగొట్టేయొచ్చు గానీ అది ఇండెక్సులని బాగుచేయదు, రీఇండెక్స్ అయ్యాకే కొట్టండి.